మానస సరోవరానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళినవాడు

మన కావ్యాల్లో హిమాలయం చూసివచ్చినవాడెవరంటే ముందుగా గుర్తొచ్చేది పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడే. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని కొండమీదికి వెళ్ళాడు, కళ్ళారా చూశాడు, పొద్దు నెత్తికెక్కేసరికి ఇల్లు చేరి నిత్యకర్మలు చూసుకోవాలనుకున్నాడు. మంచుకు పసరు కరిగిపోయిందే తప్ప, ఉండిపోవాలన్న కోరిక ఆయనకు లేశమైనా లేదు. తీర్థయాత్ర అంటే వెళ్ళడం, దర్శించడం, తిరిగిరావడం అన్న మన అలవాటుకు అది చక్కని కావ్యరూపం. ఆ అలవాటును తప్పినవాడు ఒకాయన ఇరవయ్యో శతాబ్దంలో గోదావరి జిల్లాల నుంచి బయల్దేరాడు. కైలాస మానససరోవర ప్రాంతానికి ఆయన ఒకసారి వెళ్ళి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు, చలికాలాలు అక్కడే గడిపాడు, కైలాసం చుట్టూ, సరస్సు చుట్టూ 20కి పైగా ప్రదక్షిణలు చేశాడు. ఆయన పేరు స్వామి ప్రణవానంద. ఆయన్ను భక్తుడిగా తలచుకునేవాళ్ళు ఉన్నారు, భూగోళ పరిశోధకుడిగా తలచుకునేవాళ్ళూ ఉన్నారు. రెండు వర్గాలూ ఆయన్ను చెరిసగం పంచుకున్నట్టు మాట్లాడతాయి. ఆ పంపకం తప్పని నా అభిప్రాయం. ఆయన శాస్త్రానికి పనికొచ్చింది ఆ భక్తే. ఒకే చోటికి అన్నిసార్లు కాలినడకన వెళ్ళే ఓపిక ఆయనకు అక్కడి నుంచే వచ్చింది. ఆ ఓపిక లేకపోతే ఆయన చెప్పిన విషయాల్లో ముఖ్యమైనవేవీ బయటపడేవి కావు.

ఆయన అసలు పేరు కనకదండి వెంకట సోమయాజులు. 1896లో తూర్పు గోదావరి ప్రాంతంలో పుట్టారు. లాహోర్‌లో డీఏవీ కాలేజీలో చదివి, అక్కడే రైల్వే అకౌంట్స్ ఆఫీసులో కొంతకాలం పనిచేశారు. సహాయ నిరాకరణ ఉద్యమం రావడంతో ఉద్యోగం వదిలి, 1926 దాకా పశ్చిమ గోదావరిలో కాంగ్రెస్ కార్యకర్తగా తిరిగారు. ఆ తర్వాత సన్యాసం. గురువు స్వామి జ్ఞానానంద కూడా గోదావరి మనిషే, భీమవరం దగ్గరి గొరగనమూడి వాసి. ఈ గురువు కథ విడిగా రాయదగ్గది: హిమాలయాల్లో తపస్సు చేసిన ఆ సన్యాసి తర్వాత ప్రాగ్ వెళ్ళి భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకుని, చివరికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనాలయానికి పునాది వేశారు. కాషాయమూ కొలతబద్దా ఒకే చేతిలో ఉండడం ఆ గురుశిష్యులకు వింతగా తోచినట్టు లేదు. శిష్యుడు 1928లో తొలిసారి కాశ్మీర్, లద్దాఖ్‌ల మీదుగా కైలాసం చేరారు. 1935లో మళ్ళీ వెళ్ళారు. 1936-37లో సరస్సు దక్షిణ తీరాన థుగోల్హో గొంపాలో (బౌద్ధ మఠంలో) ఏడాది పాటు ఉన్నారు. 1943-44లో మరోసారి ఏడాదికి మించి ఉన్నారు. నడుమ వేసవుల్లో వెళ్ళివస్తూనే ఉన్నారు. 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆయన టిబెట్ పరిశోధనల పుస్తకాన్ని అచ్చువేసింది. అదే ఏడు ఆ ప్రాంతంలోని నాలుగు నదుల పుట్టుచోట్ల మీద ఆయన వ్యాసం లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. 1949లో వచ్చిన 'కైలాస్-మానససరోవర్' గ్రంథానికి ముందుమాట రాసింది జవహర్‌లాల్ నెహ్రూ.

పదేపదే వెళ్ళడం వల్ల ఏం ఒరిగిందన్నది అడగవలసిన ప్రశ్నే. దానికి నాకు తెలిసిన మంచి జవాబు ఒక చిన్న కాలువలో ఉంది. సముద్రమట్టానికి సుమారు 4,590 మీటర్ల ఎత్తున మానససరోవరం, దానికి పడమర కాస్త పల్లంలో రాక్షసతాల్. రెంటి నడుమ ఇసుక, గుట్టలు కలిసిన సన్నటి నేల. మానస పడమటి ఒడ్డున చ్యూ గొంపా ఉన్న గుట్ట పక్క నుంచి ఒక కాలువ రాక్షసతాల్ వైపు దిగుతుంది. దాని పేరు గంగా ఛూ. సరస్సులోంచి నీళ్ళు బయటికి పోతున్నాయా, పోవడం లేదా అన్నది పైకి చిల్లర ప్రశ్న. కానీ సట్లెజ్ పుట్టుక గురించిన వాదమంతా దాని మీదే నిలిచింది. 1812 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ పశువైద్యుడు విలియం మూర్‌క్రాఫ్ట్, తోటి ప్రయాణికుడు హెయర్సీతో కలిసి గోసాయి వేషంలో నీతి కనుమ దాటి ఇక్కడికి వచ్చాడు. ఒంట్లో బాగా లేకపోయినా ఒడ్డు వెంబడి నడిచి వెతికాడు. కాలువ కనబడలేదు, సరస్సుకు బయటికి దారి లేదని రాశాడు. అప్పుడు వెంట ఉన్న ముసలి పండితుడు హరబల్లభ్ మాత్రం, పదహారేళ్ళ కిందట తాను అక్కడే పారే నీటిని వంతెన మీద దాటానని పట్టుబట్టాడు. దొర తన కళ్ళను నమ్మాడు, పండితుడు తన జ్ఞాపకాన్ని నమ్మాడు. 1846లో హెన్రీ స్ట్రేచీ వచ్చి చూస్తే అక్కడ 100 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతుతో నీళ్ళు జోరుగా పారుతున్నాయి. మళ్ళీ 1907లో స్వీడన్ యాత్రికుడు స్వెన్ హెడిన్ వచ్చేసరికి పైకి ప్రవాహం లేదు. నూరేళ్ళలో ముగ్గురు నిజాయితీపరులు మూడు రకాల మాటలు చెప్పారు.

వాళ్ళలో అబద్ధమాడినవాడు ఎవడూ లేడు. వానలు కురిసి మంచు బాగా కరిగిన ఏడు సరస్సు నిండి కాలువలో పారుతుంది. వరసగా నాలుగేళ్ళు నీళ్ళు తక్కువైతే, కెరటాలూ గాలీ మోసుకొచ్చిన ఇసుక కాలువ నోటికి కట్టలా పడుతుంది. ఒక్కసారి చూసినవాడికి ఆ ఏటి సంగతి తెలుస్తుంది, సరస్సు స్వభావం తెలియదు. కొలత పరికరం ఎంత మంచిదైనా కొలిచేది ఆ రోజు నీటినే. ప్రణవానంద చేసిన పని ఇక్కడ అక్కరకొస్తుంది: వెళ్ళిన ప్రతిసారీ గంగా ఛూ దగ్గర ఆగి, నీళ్ళు ఎంత ఉన్నాయో, ఎటు పోతున్నాయో రాసుకున్నారు. అందులో మేధస్సు చూపించుకునే అవకాశమేమీ లేదు. ఊరి కరణం ఏటా చెరువు మట్టం రాసుకున్నంత సాదా పని. కానీ హరబల్లభ్ మాటకు మూర్‌క్రాఫ్ట్ కాలం నుంచి దక్కని గౌరవం అలాంటి వరస నమోదుతోనే దక్కింది. పండితుడి జ్ఞాపకాన్ని గాలిమాటగా కొట్టివేసినవాళ్ళకు తెలియనిది, జ్ఞాపకం కూడా ఒక ఏటికీ మరో ఏటికీ నడుమ పోలిక పెట్టే సాధనమేనని.

చలికాలపు సంగతి ఇంకా స్పష్టం. వేసవిలో వచ్చే యాత్రికుడికి మానస అంటే నీలి నీళ్ళు, పక్షులు, ఎదురుగా దక్షిణాన గుర్లా మాంధాత, ఉత్తరాన కైలాసం. డిసెంబరు చివరికల్లా ఆ నీలం మాయమవుతుంది. సరస్సు గడ్డకట్టి మే నెల దాకా కరగదు. థుగోల్హోలో ఉన్న ఏడాది ప్రణవానంద ఈ మార్పును దగ్గరుండి చూశారు. పక్కనే ఉన్నా మానస, రాక్షసతాల్ ఒక్క తీరుగా గడ్డకట్టవని, మంచుపలక కింద నీటిమట్టం దిగేకొద్దీ పలక పెళ్ళున పగిలి పొడవాటి చీలికలు పడతాయని, ఆ చప్పుళ్ళు రాత్రుళ్ళు తీరమంతా వినబడతాయని ఆయన వివరంగా రాశారు. కట్టెలు దొరకని ఆ చోట ఇంధనమంటే యాక్ పేడ, 'డామా' అనే ముళ్ళపొద. తిండి అంటే వేయించిన బార్లీ పిండి, ఉప్పూ వెన్నా వేసిన టీ. ఇవన్నీ ఓర్చుకుని ఒక సరస్సు గడ్డకట్టడాన్ని కాపలా కాయడానికి ఏ సర్వే శాఖ జీతమిచ్చి మనిషిని పంపుతుంది? హెడిన్ గొప్ప సాహసి, సందేహం లేదు. పడవ వేసుకుని సరస్సు లోతు కొలిచి దాదాపు 82 మీటర్లని తేల్చాడు. ఆ పని అంతకుముందు ఎవరూ చేయలేదు. అయినా అతనికి మానస మధ్య ఆసియా పటంలో ఒక మజిలీ, దాని తర్వాత మరో ఖాళీని నింపాలి. ప్రణవానందకు మానస తర్వాత మానసే.

హెడిన్‌తో ఆయనకున్న పెద్ద పేచీ నదుల పుట్టుచోట్ల గురించి. ఈ ప్రాంతం చుట్టూ నాలుగు మహానదులు పుడతాయి: బ్రహ్మపుత్ర, సింధు, సట్లెజ్, కర్ణాలీ. టిబెటన్లు వాటిని వరసగా గుర్రం, సింహం, ఏనుగు, నెమలి నోళ్ళనుంచి వెడలినవిగా చెప్పుకుంటారు. బ్రహ్మపుత్ర, సింధు నదుల మూలాలు కనిపెట్టిన తొలి మనిషినని 1907 యాత్ర తర్వాత హెడిన్ ప్రకటించుకున్నాడు. బ్రహ్మపుత్ర విషయంలో నీటి పరిమాణాన్ని గీటురాయిగా తీసుకుని, అన్నిటికన్నా ఎక్కువ నీళ్ళు తెచ్చే కుబీ పాయనే మూలమన్నాడు. ప్రణవానంద ఆ పాయల వెంట తిరిగి, స్థానికుల సంప్రదాయం ప్రకారం గుర్రం నోరు ఉన్నది చెమాయుంగ్‌దుంగ్ హిమానీనదం దగ్గరని వాదించారు. ఆయన అసలు ఫిర్యాదు మరింత పదునైనది. నది మూలాన్ని తేల్చడానికి పొడవు, నీటి పరిమాణం, సంప్రదాయం అని మూడు గీటురాళ్ళున్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని నాలుగు నదులకూ వర్తింపజేయాలి. హెడిన్ ఒక్కో నదికి ఒక్కో గీటురాయి పెట్టుకున్నాడని ఆయన ఆరోపణ. ఇది భక్తుడి అలక కాదు. పద్ధతి మీద పెట్టిన అభ్యంతరం. సర్వే ఆఫ్ ఇండియా కూడా ఆయన నిర్ణయాలను తన పటాల్లోకి తీసుకుంది.

ఇక్కడొక ఎదురుప్రశ్న వస్తుంది, రావాలి కూడా. 2011లో చైనా సైన్సెస్ అకాడమీ శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలతో పరిశీలించి, బ్రహ్మపుత్ర పుట్టేది బురాంగ్ కౌంటీలోని ఆంగ్సీ హిమానీనదంలో అని, నది పొడవు 3,848 కిలోమీటర్లని ప్రకటించారు. ప్రణవానంద చెప్పిన చెమాయుంగ్‌దుంగ్ సరికాదన్న మాట అప్పుడు ప్రపంచ పత్రికలన్నిటిలో వచ్చింది. ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి కన్నా ఆకాశంలోంచి చూసిన కెమెరా మేలు అనుకోవాలా? పొడవు విషయంలో నిస్సందేహంగా మేలే. కానీ ఆ కొత్త నిర్ణయం హెడిన్‌ను కూడా తప్పించింది. ఒకటే గీటురాయి పెట్టి, దాన్ని నిక్కచ్చిగా పాటించడం వల్లే అది నిలిచింది. అంటే ప్రణవానంద జవాబు పోయింది, ఆయన అడిగిన పద్ధతి మిగిలింది. పైగా 'మూలం' అనేది ప్రకృతి గీసిపెట్టిన గీత కాదు. పొడవును కాదని నీటి పరిమాణాన్నే ప్రమాణంగా తీసుకునేవాళ్ళు రేపు మళ్ళీ కుబీ పేరు ఎత్తవచ్చు. పుట్టుచోటు ఏదని ఆ నది ఒడ్డున బతికేవాళ్ళు తరతరాలుగా నమ్ముతున్నారన్నది మాత్రం ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. అది వాళ్ళ మధ్య కూర్చుని వినవలసిందే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం భక్తి గురించే. ఒక చోటును శివుడి నివాసమని నమ్మేవాడు దాన్ని నిష్పాక్షికంగా చూడగలడా? జవాబుకు ఆయన పుస్తకాలే సాక్ష్యం. కైలాసంలో వేల ఏళ్ళ నాటి సిద్ధులు కనబడతారన్న కథలు అప్పట్లో మైదాన ప్రాంతాల్లో బాగా చలామణీలో ఉండేవి. అన్నేళ్ళు అక్కడ తిరిగినవాడు తనకూ కనబడ్డారని చెబితే కాదనేవాడెవడు? ఆయన అలా చెప్పలేదు సరికదా, అలాంటి కథలను కట్టుకథలుగా తోసిపుచ్చారు. కవుల మానసంలో వికసించే పద్మాలు అసలు మానసంలో లేవని చెప్పడానికీ జంకలేదు. ఆయన గ్రంథాల్లో పెద్ద భాగం దూరాల పట్టికలు, మజిలీలు, ఎక్కడ బస దొరుకుతుంది, ఎక్కడ దొంగల భయం, ఏ సరుకు ఏ మండీలో వంటి వివరాలు. నమ్మకం గట్టిగా ఉన్నవాడికి అబద్ధపు ఊతం అక్కర్లేదేమో. నా అనుమానం, ఒక్కసారి వెళ్ళి వచ్చినవాళ్ళే వింతలు ఎక్కువగా చెబుతారు, మళ్ళీ వెళ్ళేవాడికి తన మాటను తానే ఎదుర్కోవలసి ఉంటుంది.

అయితే ఆయన పద్ధతికి ఒక బలహీనత ఉంది, దాన్ని దాచడం ఆయనకు మేలు చేయదు. 1950ల నడుమ నుంచి ఆయన దృష్టి ఉత్తరాఖండ్‌లోని రూప్‌కుండ్ వైపు తిరిగింది. 5,000 మీటర్లకు పైన ఉన్న ఆ చిన్న మంచుకొలను చుట్టూ వందల మనుషుల ఎముకలు పడి ఉన్న సంగతి 1942లో ఒక అటవీ అధికారి ద్వారా బయటి ప్రపంచానికి తెలిసింది. ప్రణవానంద అక్కడికీ ఒకసారితో ఆగకుండా వెళ్ళి, ఎముకలు, చెప్పులు, వస్తువులు పరిశీలించి, స్థానికుల పాటలూ గాథలూ విని, అవి నందాదేవి జాత యాత్రకు బయల్దేరి మంచుతుఫానులో చనిపోయిన కనౌజ్ రాజు జసధవళ్ పరివారానివని నమ్మారు. 2019లో వెలువడిన డీఎన్‌ఏ అధ్యయనం వేరే కథ చెప్పింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న ఆ అధ్యయనంలో 38 మంది ఎముకలను పరీక్షిస్తే, 23 మంది దక్షిణాసియా వాళ్ళు, ఇంచుమించు 7-10 శతాబ్దాల మధ్య, అదీ ఒక్కసారిగా కాకుండా చనిపోయినవాళ్ళు. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలున్నవాళ్ళు, వాళ్ళు చనిపోయింది సుమారు 1800 ప్రాంతంలో. ఒకరు ఆగ్నేయాసియా మూలాలవారు. ఒకే రాజు, ఒకే తుఫాను అన్న గాథ దీనికి సరిపోదు. మానస దగ్గర స్థానిక సంప్రదాయాన్ని నమ్మడం ఆయనకు లాభించింది, రూప్‌కుండ్ దగ్గర నష్టపరిచింది. తేడా ఎక్కడుందంటే, గంగా ఛూ గురించి జనం మాటను ఏటేటా నీటితో సరిచూసుకునే వీలుంది. ఎప్పుడో చనిపోయినవాళ్ళ గురించిన పాటను సరిచూసే సాధనం 1950ల్లో ఆయన చేతిలో లేదు. ఎన్నిసార్లు వెళ్ళినా ఎముకలు అవే ఎముకలు. కాబట్టి పదేపదే వెళ్ళడం అన్ని రోగాలకూ మందని నేను అనను. మారుతూ ఉండే వస్తువు దగ్గరే దాని ఫలితం.

మరో మాట అనేవాళ్ళుంటారు: ఇదంతా అక్కడివాళ్ళకు ముందే తెలుసు కదా, ఈయన కనిపెట్టిందేమిటి? సరస్సు చుట్టూ ఉన్న ఎనిమిది గొంపాల భిక్షువులకు మంచు ఎప్పుడు పడుతుందో తెలుసు. వ్యాస్ లోయ భోటియా వర్తకులు తరతరాలుగా గర్బ్యాంగ్ నుంచి లిపులేఖ్ కనుమ దాటి తక్లాకోట్ మండీకి ధాన్యం, బెల్లం, బట్ట తీసుకెళ్ళి ఉన్ని, ఉప్పు, టంకణం తెచ్చుకునేవారు. వాళ్ళ గొర్రెలకూ తెలుసు ఆ దారి. నిజమే. హెడిన్ లాగా 'తొలి మనిషి' అనిపించుకోవాలన్న యావ ఈ కారణంగానే నవ్వు తెప్పిస్తుంది. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1866లో, కుమావూన్ స్కూలు మాస్టరు నైన్ సింగ్ లాసా నుంచి తిరిగి వస్తూ జపమాల పూసలతో అడుగులు లెక్కపెట్టుకుంటూ సాంగ్‌పో వెంబడి మానస దాకా నడిచాడు. 108 పూసలకు బదులు 100 పూసల మాల అది. ప్రణవానంద ఉనికి ఈ వరసలో ఎక్కడంటే, స్థానికులకు తెలిసినదాన్ని రాతలోకి తెచ్చిన మధ్యవర్తి దగ్గర. ఆ పని తేలిక కాదు. గొంపాలో ఏడాది పొడుగునా బతకనిదే భిక్షువు మనసిచ్చి మాట్లాడడు. భోటియా వర్తకుడి లెక్కల్లో నమ్మకం పుట్టడానికీ కొన్ని సీజన్లు పడుతుంది. అయినా ఒక లోటు ఒప్పుకోవాలి. ఆయన పుస్తకాల్లో టిబెటన్లు కనబడతారు, వాళ్ళ పండుగలు, గొంపాలు, సంతలు ఉంటాయి, కానీ అంతటికీ కేంద్రం హిందూ యాత్రికుడే. బాన్ మతస్థులకూ బౌద్ధులకూ జైనులకూ కూడా ఆ కొండ పవిత్రమే. వాళ్ళ కళ్ళతో రాసిన పుస్తకం వేరే ఉండాలి.

ఇంత గాఢమైన అనుబంధం తెగింది మనిషి విసుగుతో కాదు, రాజ్యాల మధ్య గీతలతో. 1950లో చైనా సైన్యం టిబెట్‌లో అడుగుపెట్టింది. 1954 ఏప్రిల్ 29 నాటి భారత-చైనా ఒప్పందం లిపులేఖ్, నీతి, మాణా సహా ఆరు కనుమలను వర్తకులకూ యాత్రికులకూ తెరిచి ఉంచింది. కాగితం మీద తలుపు తీసే ఉంది, లోపల ఇల్లు మాత్రం మారిపోయింది. ఆ ఒప్పందం గడువు 1962లో ముగిసింది, ఆ ఏడే యుద్ధం వచ్చింది. గర్బ్యాంగ్ వర్తకుల తక్లాకోట్ బేరాలు ఆగిపోయాయి, దాదాపు రెండు దశాబ్దాలు భారతీయులెవరూ యాత్రగా అటు వెళ్ళలేదు. 1981లో లిపులేఖ్ దారి మళ్ళీ తెరిచారు. అప్పటికి ప్రణవానందకు 85 ఏళ్ళు. 1976లో పద్మశ్రీ అందుకున్న ఆయన 1989లో కన్నుమూశారు.

2020 నుంచి ఆగిన యాత్ర 2025 వేసవిలో మళ్ళీ మొదలైంది. ఇప్పటి యాత్ర బృందాలతో, వైద్య పరీక్షలతో, ముందే ఖరారైన తేదీలతో నడిచేది. మానస ఒడ్డున రెండు మూడు రాత్రులు, కైలాస పరిక్రమకు మూడు రోజులు, తర్వాత వెనక్కి. ఇష్టమున్నా అక్కడ ఒక చలికాలం గడిపే వీలు మనవాళ్ళకు లేదు. హిమానీనదాలు వెనక్కి తగ్గుతున్నాయని, టిబెట్ సరస్సుల మట్టాలు మారుతున్నాయని శాస్త్రజ్ఞులు చెబుతున్న ఈ రోజుల్లో, 1930ల, 40ల నాటి గంగా ఛూ ఎలా ఉండేదో, మంచు ఎప్పుడు కట్టి ఎప్పుడు విడిచేదో రాసిపెట్టిన పుటలు పోలికకు అవసరం. ఆ పుస్తకాలు పాత లైబ్రరీల్లో చెదలకు దగ్గరగా ఉన్నాయి. గురువుగారి పరిశోధనాలయం పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయమో, గోదావరి జిల్లాల గ్రంథాలయ సంస్థలో పూనుకుని వాటిని సేకరించాలి, స్కాన్ చేయాలి, నేటి కొలతలతో సరిచూసే వివరణలు చేర్చి తెలుగులో అచ్చువేయాలి.